మూడు ఊపిర్ల సెలవు

వెనకడుగుల కోనలో పగలంతా ఇంద్రధనుస్సు ఆరదు. మూడు వైపులా జేగురు రంగు కొండలు, నాలుగో వైపు తెల్లని నురుగుతో దూకే జలపాతం. ఆ తుంపర్లలో ఏడు రంగులూ పొద్దుగూకేదాకా నిలిచే ఉంటాయి. కొండచరియల నిండా పచ్చకర్పూరం వాసన వేసే తీగలు, తీగ తీగకూ గుప్పెడేసి నీలిపూలు, ఆ పూల కింద మెత్తని ఇసుక పరచిన బాటలు. కొత్తగా వచ్చినవాడు ఇంత చక్కని చోటు ఏడు రాజ్యాల్లో లేదనుకుని పైగుడ్డ పరచుకుని కూర్చుంటాడు. అక్కడ ఒక్క పిట్ట కూడా కూయదన్న సంగతి కాసేపటికి గాని వాడికి తెలియదు.

కోన నడిమధ్యన ఏడు మెట్ల సింహాసనం లేస్తోంది. దానికి కావలసినవి వెయ్యిన్నొక్క రాళ్లు. వెయ్యి రాళ్లు పేర్చడం అయిపోయింది. ఆ వెయ్యీ ఒకప్పుడు అన్నం తిని, నవ్వి, ఇరుగుపొరుగుతో పోట్లాడుకున్న మనుషులే.

కట్టిస్తున్నవాడు విలోమసిద్ధుడు. మిగతా సిద్ధులు మనిషిని ముందుకు నడిపించే విద్య నేర్చుకుంటే, వీడు వెనక్కి నడిపించే విద్య నేర్చుకున్నాడు. గుప్పెడు భస్మం ఊదితే మనిషి మృగమవుతాడు. రెండో గుప్పెడుకు మృగం చెట్టవుతుంది. మూడో గుప్పెడుకు చెట్టు రాయవుతుంది. పైగా, "నేను ఏ కడుపునా పుట్టలేదు, ఏ రాయినీ చెట్టునూ మృగాన్నీ దాటి రాలేదు, నాకు నేనే వెలసినవాణ్ణి" అని రోజూ మూడు పూటలా నగారా కొట్టించి మరీ చాటించుకునేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడంటే, వాడికే ఏదో అనుమానం ఉండి ఉండాలి.

ఇక మిగిలింది వెయ్యిన్నొకటో రాయి, ఎర్రని చారలున్నది. అది మందరవాటి యువరాజు ఉదయార్కుడు. ఆ సాయంత్రం సూర్యుడు పడమటి కొండను తాకేలోగా దాన్ని నలుపలకలుగా చెక్కి పై మెట్టు మీద అమర్చాలి. విలోముడు వెళ్లి దానిమీద కూర్చున్నాడా, ఆ వెయ్యిన్నొక్క జీవుళ్లకూ పైకి వెళ్లే దారి ఎన్నటికీ తెరుచుకోకుండా మూసుకుపోతుంది.

ఆ రాయిని చెక్కవలసిన పని కొమ్మన మీద పడింది.

కొమ్మన శిలవంక గ్రామపు రాతిపనివాడు. గడ్డానికి మసి పూసి, ఎడమ కంటికి తోలుపట్టీ కట్టి, "ఒంటికన్ను వీరయ్య" అనే దొంగ పేరుతో మూడు రోజుల కిందట ఈ కోనలో పనికి కుదిరాడు. కొమ్మన తల్లి అక్కమ్మ చనుబాలు తాగి పెరిగినవాడు యువరాజు. రాణి పురిట్లోనే కన్నుమూస్తే, నాలుగు నెలల కొమ్మనను ఇంట్లో వదిలి అక్కమ్మ కోటకు వెళ్లవలసి వచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. పోతూ పోతూ, "వాడికి నీకన్న దగ్గరివాళ్లు లేరురా" అని మాత్రం చెప్పింది. ఆ మాట కోసమే వచ్చాడు కొమ్మన. ఇష్టంగా వచ్చాడని మాత్రం చెప్పలేం.

వచ్చే ముందు మంచుగుహలో ఉండే జోగవ్వ దగ్గర ఆగాడు. ఆమె వయసు ఎంతో ఆమెకే తెలియదు. ఆమె వాడికి మంత్రమూ ఇవ్వలేదు, మంత్రపుకత్తీ ఇవ్వలేదు. అంబలి పోసి, పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పింది.

"ఒరే అబ్బాయ్, జీవుడు రాయిలో ఉండి ఓర్చుకోవడం నేర్చాడు. చెట్టులో ఉండి ఇవ్వడం నేర్చాడు. మృగంలో ఉండి కూనను నాకడం, పగవాణ్ణి చూసి బెదరడం నేర్చాడు. ఇన్ని కోట్ల ఏళ్లు నడిచాక మనిషిలోకి వచ్చి 'నేను' అనడం నేర్చాడు. అది పలకడం రాగానే మిగతావన్నీ మరిచిపోయాడు."

"మరి ఆ విలోముడు జీవుణ్ణి వెనక్కి తోసేస్తున్నాడు కదవ్వా?"

"తొయ్యలేడు. నడిచిన దారి కాళ్లలోంచి పోతుందా? వాడు మరిపిస్తాడంతే. నీ ఎముకలో రాయుంది, వెంట్రుకలో గడ్డుంది, కోపంలో పులుంది. అవన్నీ నువ్వు దాటొచ్చిన ఊళ్లు. ఆ ఊళ్లలో నీళ్లు తాగావు కదా, ఆ మేలు తలచుకో. ఎవరైతే నిజంగా మేలు పొందారో వాళ్లు నిజంగా తలచుకుంటే, ఆగిపోయిన జీవుడు ఒక మెట్టు ఎక్కుతాడు. ఉత్త నోటిమాటకి ఎక్కడు."

"మనిషి తరవాత మెట్టేంటవ్వా?"

"నాకు తెలిస్తే ఇంకా ఇక్కడ అంబలి కాస్తూ కూర్చుంటానా?" అని నవ్వి, గిన్నె కడగమని వాడి చేతికిచ్చింది.

శిలవంక వాళ్లకు ఈ బోధ కొత్తదేమీ కాదు. ఆ ఊళ్లో ఎంత తొందర పనైనా, తొలి దెబ్బకు ముందు రాతి మీద అరచెయ్యి ఆనించి, "ఒకప్పుడు నేనూ నీలాగే ఉన్నాను. నీవల్ల బతుకుతున్నాను. సెలవియ్యి" అని మూడు ఊపిర్లు ఆగుతారు. రాయి నిదానంగా వింటుంది గనక మూడు ఊపిర్లు. మిగతా ఊళ్ల పనివాళ్లు దీనికి పగలబడి నవ్వుతారు. శిలవంక వాడొక గోడ కట్టేలోపు మేం కోట కడతామంటారు.

అందుకే కోనలోకి వచ్చిన మొదటి రోజున కొమ్మన జాగ్రత్తపడ్డాడు. మేస్త్రీ మారడు పక్కనే నిలబడి, అడుగు మెట్టులోని ఒక నల్లరాతిని చూపించి, "నీ చేతివాటం చూడనీ, ఆ మూల కొట్టు" అన్నాడు. సెలవు అడిగితే గుట్టు బయటపడుతుంది. కొమ్మన కన్ను మూసుకుని, సెలవడగకుండానే దెబ్బ వేశాడు. రాతి మూల అరచేతి మందాన లేచిపోయింది. రాయి కిక్కురుమనలేదు. మూడు రోజులుగా అన్నం ముద్ద గొంతులో దిగే ప్రతిసారీ కొమ్మనకు ఆ మూల గుర్తొస్తూనే ఉంది.

నాలుగో రోజు మూడు జాములు దాటింది. పీఠాభిషేకానికి ముందు స్నానం చెయ్యాలని విలోముడు జలపాతానికి వెళ్లాడు. వాడు వెళ్లిన ఆ కాస్త వ్యవధే కొమ్మనకు చిక్కిన అదను. పై మెట్టు పక్కన పరంజా మీద ఎర్రచారల రాయి గొలుసులతో వేలాడుతోంది. కింద మెడలో కంచుగంటలు కట్టిన రెండు కాపలా పులులు ఆవులిస్తున్నాయి. మేస్త్రీ మారడు పరంజా మీదే చాప పరచుకుని, తన బొజ్జ మీద తమలపాకులు పేర్చి వాటికి సున్నం రాసుకుంటున్నాడు. మెలకువగా ఉన్నప్పుడు ఆ బొజ్జ అతనికి పీటకు బదులు పనికొచ్చేది.

"ఏరా ఒంటికన్నూ, చూస్తూ కూర్చుంటావా? పొద్దు వాలిపోతోంది. కానీ, కొట్టు!"

"కొడుతున్నా మేస్త్రీ గారూ. ఉలి పదును చూసుకోవద్దా?"

మారడిని ఏమార్చి గొలుసు విప్పాలనీ, రాతిని కిందికి దించాకే జోగవ్వ చెప్పినట్టు చెయ్యాలనీ కొమ్మన ఎత్తు. ఎత్తు బాగానే ఉంది. కాని పదిహేనేళ్లు పని చేసిన చెయ్యి యజమానిని అడిగి కదులుతుందా? ఎడమ చేత ఉలి, కుడి చేత సుత్తి పట్టుకుని రాతి ముందు నిలబడగానే, సుత్తి దానంతటదే చంకలోకి పోయింది. అరచెయ్యి వెళ్లి రాతి మీద ఆనింది. పెదవులు కదిలాయి.

"ఒకప్పుడు నేనూ నీలాగే..."

మారడి బొజ్జ మీది తమలపాకులు చెల్లాచెదురయ్యాయి.

"ఓరినీ! రాతికి దణ్ణం పెడుతున్నావే! నువ్వు శిలవంకోడివి! దొంగ! దొంగ! పులుల్ని వదలండిరోయ్!"

ఆ కేకకు కట్లు తెంచుకున్న పులులు రెండూ ఘల్లుఘల్లుమంటూ పరంజా మీదికి లంఘించాయి. మారడు దిగుదామని తొందరపడి నిచ్చెన మెట్ల మధ్య ఇరుక్కుపోయాడు. కొమ్మనకు పారిపోయే దారి ఉంది. పక్కనే తాడు వేలాడుతోంది. కాని మూడు ఊపిర్లు కాలేదు. చెయ్యి తీస్తే సెలవు తెగిపోతుంది. వాడు చెయ్యి తియ్యలేదు.

"...ఉన్నాను. మా తాత, మా నాయన, నేను, ముగ్గురం నీవల్లే అన్నం తిన్నాం. మా కొంప నీది, మా పొయ్యి నీది. సెలవియ్యి తల్లీ."

ఒక ఊపిరి. మొదటి పులి రెండో అంతస్తు ఎక్కింది. రెండో ఊపిరి. దాని మీసాలు కనిపించాయి. మూడో ఊపిరి తీసేసరికి అరచేతి కింద రాయి వెచ్చబడింది. చారలు పగిలి పచ్చని మొలక బయటికొచ్చింది, మొలక మానైంది, గొలుసులు పటపటా తెగాయి. చూస్తూండగానే తాటిచెట్టంత ఎత్తు మద్దిచెట్టొకటి పరంజాను చీల్చుకుని లేచి, కొమ్మనను కొమ్మ మీద ఎత్తుకుపోయింది. పులి పంజా వాడి పాతచెప్పు ఒక్కటే పట్టుకోగలిగింది.

కొమ్మన ఆ కొమ్మను రెండు చేతులా కావలించుకున్నాడు. ప్రాణం దక్కిన సంతోషంతో వాడికి ఏడుపొచ్చింది.

"నేను ఊగిన ఉయ్యాల బద్ద నీదే. ఎండలో పని చేసేటప్పుడు తల దాచుకున్న నీడ నీదే. మా అమ్మను సాగనంపిన కట్టె కూడా నీదే గదయ్యా. కాలి బూడిదై ఆమెకు తోడు పోయావు. నీ మేలు ఎలా మరిచిపోను?"

చెట్టు ఒక్కసారి ఆపాదమస్తకం వణికింది. ఆకులు జలజలా రాలి వెంట్రుకలయ్యాయి, రెండు కొమ్మలు వంగి కొమ్ములయ్యాయి. కొమ్మన కళ్లు తెరిచేసరికి ఎర్రని ఆబోతు వీపు మీద, సింహాసనం మూడో మెట్టు పైన ఉన్నాడు. ఆబోతు తల వంచి మొదటి పులిని కొమ్ముల మీద లేపి జలపాతం మడుగులోకి విసిరేసింది. రెండో పులి ఒక్క క్షణం ఆలోచించి, గంట మోగకుండా మెల్లగా వెనుదిరిగి పొదల్లోకి పోయింది. దాని తెలివికి మెచ్చుకోవలసిందే.

"నా తండ్రే!" అని కొమ్మన కిందికి దిగి ఆబోతు మూపురం నిమిరాడు. ఇక ఈ మెట్టు వాడికి బొత్తిగా కష్టం కాదు. "మా అమ్మ పాలు కోటకు పోతే నన్ను బతికించింది మా ఎర్రావు. నీ జాతిదే. తన దూడకు తగ్గించి నాకు తాగనిచ్చింది. ఆ ఆవు నాకు రెండో తల్లి. ఆ చల్లని కడుపుకు, ఆ జాతికంతటికీ వేల దండాలు."

ఆబోతు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూతి కుంచించుకుని మనిషి ముఖం కాబోయింది. కాబోయి ఆగిపోయింది.

ఇక మిగిలింది చివరి మెట్టు. 'నేను' అనే రూపం మళ్లీ దక్కాలంటే జాతి మేలు చాలదు; మనిషి చేసిన మేలును మనిషి తలచుకోవాలి. అదీ ఉదయార్కుడు చేసిన మేలు.

అంతలో జలపాతం వైపు నుంచి గాలి గిర్రున తిరిగింది. తడి జడలు విరబోసుకుని, భస్మపు సంచి భుజాన వేసుకుని విలోమసిద్ధుడు వచ్చి నిలబడ్డాడు. మొహం కోపంతో కందగడ్డయింది.

"ఓరీ రాతికూలీ! నేను దించిన జీవుణ్ణి ఎక్కిస్తావా? ఏదీ, ఆ చివరి మెట్టు కూడా ఎక్కించు, చూస్తాను!"

కొమ్మన గబగబా అన్నాడు. "యువరాజా, తమరు చేసిన మేలు మరవను. తమ దయవల్లే బతుకుతున్నాను."

ఆబోతు ఆబోతులాగే ఉంది. విలోముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వట్టి మాటలు! నీ కడుపులో ఉన్నది నేను చెప్పనా? నీ పాలు వాడు తాగాడు. నీ తల్లి ఒళ్లో వాడు పడుకున్నాడు. వాడివల్ల నీకు దక్కింది గంజి!"

ఆ మాట అబద్ధమైతే కొమ్మన బదులు చెప్పేవాడే. అది నిజం. ఇరవై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పుకోని నిజం. విలోముడు సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు భస్మం తీశాడు. ఆబోతు కదలలేదు. తల వంచి, తన మూపును కొమ్మన భుజానికి ఆనించి నిలబడింది.

ఆ భుజమే! అది ఆనగానే కొమ్మనకు చటుక్కున గుర్తొచ్చింది. అక్కమ్మ పోయిన రోజున కోట నుంచి ఉదయార్కుడు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. రాతికూలీదాని పాడె యువరాజు మొయ్యడమేమిటని మంత్రులు అడ్డుపడితే, వాళ్లను తోసేసి వచ్చి కొమ్మన పక్కనే భుజం పెట్టాడు. శ్మశానం దాకా రెండు క్రోసులు భుజం మార్చలేదు. ఆ వేళ కొమ్మన అతనితో ఒక్క మాటైనా మాట్లాడలేదు. మర్నాడు భుజం కమిలిపోయి చెయ్యి ఎత్తలేకపోయాడని ఎవరో చెబితే, కావాలనే మాట మార్చాడు.

కొమ్మన ఆబోతు మెడను కావలించుకుని బావురుమన్నాడు.

"తమ్ముడూ! ఆ రోజు నువ్వు రాకపోతే అమ్మ బరువు నేనొక్కణ్ణీ మొయ్యలేకపోయేవాణ్ణి రా. ఆ మాట నీకు అప్పుడే చెప్పాల్సింది. గడ్డిపోచంత మాట, నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నా. నువ్వు నా పక్కన నడిచావు. అదొక్కటి చాలు నాకు ఈ జన్మకి."

కొమ్మన చేతుల మధ్య మెడ సన్నబడింది. ఎర్రని వెంట్రుకలు రాలిపోయాయి. ఉదయార్కుడు, అలసిపోయి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని, చెవి వెనక ఇంకా ఒక మద్దియాకు అంటుకుని ఉండగా, మనిషై నిలబడ్డాడు.

"అన్నా," అన్నాడు యువరాజు, బొంగురు గొంతుతో. "అంతా వినపడింది. రాయిగా ఉన్నప్పుడు కూడా వినపడింది. నువ్వే వస్తావనుకున్నా."

"తరవాత మాట్లాడుకుందాం తమ్ముడూ, ముందు వంగు!"

ఇద్దరూ వంగారు. విలోముడు ఊదిన భస్మం వాళ్ల తలల మీదుగా పోయింది. కాని రెండో గుప్పెడు గురి తప్పలేదు. కొమ్మన మోకాళ్ల కింద చురుక్కుమంది. చూసుకుంటే రెండు పాదాలూ గిట్టలైపోయాయి! కాళ్లు తడబడి, నునుపు రాతి మీద జారి, మెట్టు మెట్టుకూ దొర్లుకుంటూ అడుగు మెట్టు దగ్గరకొచ్చి పడ్డాడు. ఉదయార్కుడు విరిగిన పరంజా దూలం ఒకటి అందుకుని విలోముడికి అడ్డం దూకాడు.

"పరుగెత్తన్నా!"

ఆ గిట్టలతో పరుగెత్తడం కొమ్మన వల్ల కాలేదు. లేవబోయి చెయ్యి ఆనించాడు. చేతి కింద ఏదో కరుకుగా తగిలింది. మూల లేచిపోయిన నల్లరాయి. మొదటి రోజున సెలవడగకుండా తాను కొట్టిన దెబ్బ అది.

పైన దూలం విరిగిన చప్పుడు వినిపించింది. భస్మం సంచిలో ఇంకా చాలా ఉంది. ఇక మిగిలిన కాసేపట్లో చెయ్యదగ్గ పని ఒక్కటే కనిపించింది కొమ్మనకు.

"తల్లీ, తప్పయింది," అన్నాడు, ఆ గాయం మీద చెయ్యి పెట్టి. "నా గుట్టు కాపాడుకోవడానికి నిన్ను కొట్టాను. నువ్వు కిక్కురుమనలేదు. నువ్వు ఓర్చుకున్నావు గనకే నేను పట్టుబడలేదు. నా తమ్ముడు మళ్లీ మనిషయ్యాడంటే అది నీ చలవే. నువ్వెవరో నాకు తెలియదు. నీ మేలు మరవనమ్మా."

ఒక ఊపిరి. విలోముడు ఉదయార్కుణ్ణి మెట్లమీద పడదోసి దిగుతున్నాడు. రెండో ఊపిరి. వాడి నీడ కొమ్మన మీద పడింది. గుప్పెడు పైకి లేచింది.

మూడో ఊపిరికి రాయి నిట్టూర్చింది.

చెట్టు కాలేదు, మృగమూ కాలేదు. నడుమ మెట్లేవీ లేకుండా ఒక్కసారే రాయి విచ్చుకుని, అందులోంచి ఒక ముసలామె బయటికొచ్చింది. బక్కచిక్కిన మనిషి. నేత చీర, వంటింటి మసి అంటిన చేతులు. కుడి భుజం మీద అరచేతి మందాన పచ్చిగాయం. గాయాన్ని కొంగుతో అదుముకుంటూ ఆమె కొమ్మనను చూసి, "చిన్న దెబ్బేలే నాయనా, బాధపడకు," అంది. "వీడు చిన్నతనంలో నేర్చుకున్న మొదటి మంత్రం నామీదే వేశాడు. అప్పటికి వీడికి మెట్లు తెలియవు. ఒక్కసారే రాయిని చేసేశాడు. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డించి పిలుస్తున్నాను, ఆట ఆపి రానన్నాడు."

ఆ గొంతు వినపడగానే విలోమసిద్ధుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. నిచ్చెనలో ఇరుక్కున్న మారడు కూడా మూలగడం మరిచిపోయాడు.

ఆమె వాడి వైపు తిరిగింది. జడలు, భస్మం, ఎర్రబడిన కళ్లు, ఎముకల దండలు, అన్నీ చూసింది. ఏ కడుపునా పుట్టలేదని చాటించిన నగారా మాటలు ఇన్నేళ్లుగా అడుగు మెట్టులో ఉండి రోజూ మూడు పూటలా విన్నదే ఆమె. ఆ ఊసు ఎత్తలేదు.

"ఎంత చిక్కిపోయావు రా," అంది. "అన్నం తిన్నావా?"

విలోముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడి పిడికిట్లోంచి భస్మం సన్నగా, ధారగా, వాడి పాదాల మీదికే కారడం మొదలైంది.